ఎఱ్ఱగుడి శిలలపై ప్రియదర్శి దోషాంగీకారము

గుత్తిదుర్గమునకు ఉత్తరపు వైపున సుమారు ఎనిమిది మైళ్ల దూరమున, పత్తికొండకు బోవు మార్గమునకు సమీపమున, ఎఱ్ఱగుడి యను చిన్నగ్రామము కలదు. పరిపాలనావిభాగమును బట్టి యిది కర్నూలు మండలములోనిదైనను, నేల స్వభావమును జూచినచో అనంతపురపు మెట్టసీమతో జేరినదియే. ఆ సీమకు సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడును. అదియు అదను దప్పి పడుటచే నమ్మి విత్తుటకు రైతు వెనుదీయుచుండును. గుండ్రాళ్ల గుట్టలు, నడుమ నడుమ మెట్టచేలు, ఏటిలో మూడుపాళ్లు ఎండియుండు వంకలు: ఇంతకు మించి బాటసారి కన్నులను నిలుపునది యచ్చట నేమియు లేదు. ఇట్టిచోట, ఊరికి జేరువనున్న యొక గుట్టమీది బండలపై మౌర్యచక్రవర్తియైన అశోకుని శాసనములు కలవని 1929 ప్రాంతమున అనుఘోషు అను భూగర్భశాస్త్రజ్ఞుడు కనుగొని తెలిపెను. చెన్నపురి ప్రభుత్వమున శాసనపరిశోధకుడుగ బెక్కేండ్లు పనిచేసిన హుల్ట్‌జు పండితుడు అశోకశాసనముల సంపుటమును 1925లో బ్రకటించి, 1927లో మరణించెను. దక్షిణదేశశిలల నంతగా శోధించిన యా మహనీయునకే యీ బండల యునికి తెలియకపోయెను.

ఎఱ్ఱగుడి శాసనములకు గల విశేషమును ముందుగ జెప్పవలెను. ప్రియదర్శి చెక్కించిన శిలాశాసనములలో పెద్దవి పదునాలుగు, చిన్నవి రెండు అని పండితులు విభజించిరి. పెద్దశాసనములు గిర్నారు, కాల్సీ, షాబాజుగఢి, మాన్సేరా మున్నగు చోట్ల నున్నవి. చిన్నవి రూపనాథము, సహస్రాము మొదలుకొని మైసూరు సీమలోని బ్రహ్మగిరి, సిద్ధాపురముల వఱకు వ్యాపించినవి. ఈ రెండు తెగలును ఒక్కచోటనే చేరియున్న స్థలము ఎఱ్ఱగుడి యొక్కటియే. అందుచే, మఱియొకచోట నిలిచి చదువువానికి దొరకని యొక సౌకర్యము ఇచ్చటి చదువరికి గలదు. ఒకే రాజు తన్నుగూర్చి తాను రెండు సమయములందు, రెండు విధముల జెప్పికొన్న మాటలను, ఒక బండనుండి మఱియొక బండకు నడచి సరిచూచుకొనవచ్చును. ఈ వ్యాసమున జేయదలచినది ఆ సరిచూపే.

మన చరిత్రకారులు ఈ శాసనములను ఎక్కువగ రెండు పనులకు ఉపయోగించిరి. మొదటిది ఆంధ్రశబ్దము. పదుమూడవ పెద్దశాసనమున, ప్రియదర్శి ధర్మము ననుసరించు జనములను బేర్కొనుచు ఆంధ్రులను పుళిందులతో గలిపి చెప్పెను. శాసనములలో మన జాతి పేరు కనబడుట యిదియే మొదలు. రెండవది సువర్ణగిరి. బ్రహ్మగిరి శాసనము సువర్ణగిరినుండి ఆర్యపుత్రుడును మహామాత్రులును పంపిన యాజ్ఞగ నారంభమగును. మౌర్యుల దక్షిణపురాజధాని యగు ఆ సువర్ణగిరి యెక్కడ? మస్కి యని కొందఱు, కనకగిరి యని కొందఱు, ఎఱ్ఱగుడికి సమీపమందలి జొన్నగిరియే యని మఱికొందఱు వాదించిరి. ఈ చర్చలు అవసరమైనవే. ఐనను ఆంధ్రశబ్ద మున్న యా పదుమూడవ శాసనమును చేతికి దీసికొని, ఆ యొక్కపదమును గిల్లుకొని, తక్కిన శాసనము నంతటిని విడిచిపెట్టుట మాత్రము తగిన పని గాదు. మన పేరు ఏ గ్రంథమున మొదట నెక్కినదో ఆ గ్రంథ మొక చక్రవర్తి తాను జేసిన తప్పును జెప్పికొన్న గ్రంథము. పాఠశాలలలో పిల్లలకు ఆంధ్రశబ్దమును వల్లెవేయించు వారు ఈ సంగతిని గూడ జెప్పుట న్యాయము.

పదుమూడవ శాసనపు సారమిది. (ఎఱ్ఱగుడి ప్రతిలో శిథిలమైన భాగములను ఇతరప్రతులతో గలిపి చదువుకొనవలెను.) పట్టాభిషిక్తుడైన ఎనిమిదవ యేట ప్రియదర్శి కళింగమును జయించెను. లక్షయేబదివేల మంది అచ్చటినుండి తరలింపబడిరి. లక్షమంది అచ్చటనే చంపబడిరి. అంతకు ఎన్నో మడుగులు మరణించిరి. అటుపిమ్మట రాజునకు ధర్మమునం దాసక్తి తీవ్రమయ్యెను. కళింగవిజయమును దలచి అనుతాపము పొందెను. జయింపబడని దేశమును జయించుటలో వధయు మరణమును జనుల తరలింపును దప్పవనియు, అది తనకు మిక్కిలి వేదన కలిగించుచున్నదనియు జెప్పికొనెను. అందులో నూఱవపాలో వేయవపాలో జనము మరల నట్టి దుఃఖమునకు లోనైనను ఇక దానిని సహింపజాలనని ప్రకటించెను.

విజయమును శిలపై జెక్కించుట రాజులకు వాడుకయే. మన దేశమున సమరములను వర్ణించు ప్రశస్తులు వేనవేలుగ నున్నవి. వానిలో జచ్చిన శత్రువుల సంఖ్య హెచ్చినకొలది కవి కుత్సాహము హెచ్చును. ఆ సంఖ్యనే గైకొని, అది విజేతకు అప్పుగా లెక్కించిన ప్రశస్తి మఱియొకటి నాకు దోచదు. ఇంకొక విశేషము: తనకు వేదన కలిగించిన దేమో రాజు విడమర్చి చెప్పెను. ఆ దేశమున బ్రాహ్మణులును శ్రమణులును గృహస్థులును గలరు. వారు పెద్దలను, తల్లిదండ్రులను, గురువులను సేవించువారు. మిత్రులయెడ, దాసులయెడ మర్యాద తప్పనివారు. అట్టివారికి హింసయో మరణమో ప్రియవియోగమో కలిగినది. తాము క్షేమముగ నున్నను, స్నేహితులకు గలిగిన కష్టము తమకే గలిగినట్లు బాధపడినవారును గలరు. అనగా తప్పు అను మాటను గాలిలో విడిచిపెట్టక, అది యెవరికి, ఏ రూపమున దగిలినదో లెక్కకు దెచ్చెను.

ఐనను ఈ శాసనమును గేవలము కన్నీటిపత్రముగ భావించుట పొరపాటు. ఆ వెంటనే రాజు అటవికులను హెచ్చరించుచున్నాడు: అనుతాపము పొందినంతమాత్రమున తనకు బలము లేకపోలేదనియు, వారు తమ ప్రవర్తనకు సిగ్గుపడి చావు తప్పించుకొనవలెననియు జెప్పుచున్నాడు. కళింగమును విడిచిపెట్టినట్లును ఎక్కడను లేదు. తప్పు నొప్పుకొన్నవాడు దానివలని లాభమును గూడ వదలవలెనను నియమమును ఆయన తనకు విధించుకొనలేదు. ఈ కొఱతను దాచి ప్రియదర్శిని ఋషిగ జేయుట చరిత్రకారునకు దగదు.

ఇక చిన్నశాసనమునకు వత్తము. ఇందు రాజు, తాను ఉపాసకుడై రెండున్నరయేండ్లకు మించినదనియు, కాని అందులో ఒక సంవత్సరము గట్టిగ బూనికతో బనిచేయలేదనియు, సంఘమును జేరిన పిమ్మట సంవత్సరమునకు బైగ మాత్రమే తీవ్రముగ బాటుపడుచున్నాననియు జెప్పికొనెను. పదుమూడవ శాసనమున కళింగము లోబడిన వెంటనే ధర్మాసక్తి తీవ్రమయ్యెనని యున్నది; ఇందు మొదటి యేడు మందముగ నుండెనని యున్నది. రెంటికి విరోధము లేదని సమన్వయించుట కష్టము గాదు: మనస్సు మాఱుట వేఱు, పని సాగుట వేఱు. కాని ఆ యెడమును రాజే గుర్తించి, సంవత్సరపు లెక్కతో జెప్పుట గమనింపదగినది. యుద్ధమువంటి మహాపరాధము నొప్పుకొనుట యొకవిధముగ సులభము, ఏలయన అది దాచిన దాగునది గాదు. మంచిత్రోవ బట్టితినని చెప్పికొన్నవాడు ఆ త్రోవలో నేనొక యేడు నడవనేలేదని చెప్పుట అంతకంటె గష్టము. దాని నెవరును అడుగబోరు, పసికట్టబోరు.

కాలక్రమమును విచారించినచో చిన్నశాసనములే ముందు పుట్టినవనియు, పెద్దవి పట్టాభిషేకమునుండి పండ్రెండు, పదుమూడు సంవత్సరముల కాలమునను ఆ తరువాతను వెలసినవనియు అనేకుల మతము. ఆ క్రమమును నమ్మినచో ముందు చెక్కిన మాటలలో నున్న తన మాంద్యపు లెక్క తరువాతి పెద్దశాసనమున గనబడదు. కాలము గడచినకొలది కథ నున్నబడినదని నా యభిప్రాయము. ఇది రాజునకు దోషమని కాదు. ఏ మనుష్యుని జ్ఞాపకము నైనను అట్లే నున్నబడును. ఎఱ్ఱగుడిలో మాత్రము ముందటి మాటను దుడిచివేయక, వెనుకటి మాటను దానికి బొరుగుననే చెక్కించిరి.

చిన్నశాసనమున నింకొక వాక్యార్థము కలదు. ఈ ఫలము గొప్పవారికే లభ్యమగునది కాదనియు, అల్పుడైనను బూనికతో దీనిని బొందగలడనియు అది చెప్పును. తాను మొదట వెనుకబడితినని చెప్పినవాడు గనుక నా మాటకు బలము వచ్చినది. మొదటి పెద్దశాసనమునం దిదే తీరు వేఱొకవిధముగ గనబడును. పూర్వము రాజుగారి వంటయింట దినమునకు పెక్కు లక్షల ప్రాణులు కూరకై చంపబడుచుండెననియు, ఈ ధర్మశాసనము వ్రాయబడునప్పటికి మూడు మాత్రమే, అనగా రెండు నెమళ్లును ఒక లేడియు, చంపబడుచున్నవనియు, ఆ లేడియు నిత్యము గాదనియు, ముందు ఈ మూడును జంపబడవనియు గలదు. హింస వలదని ప్రజకు జెప్పు శాసనముననే తన యింట ఇంకను మూడు మిగిలియున్నవని చెప్పుటకు ఏ మంత్రియు సలహా యిచ్చియుండడు. పూర్తిగ మానివేసిన తరువాత జెక్కింపవచ్చును గదా యని తోచును. రాజు అట్లాగలేదు.

పండితులకు మిక్కిలి సన్నిహితమైనది పండ్రెండవ శాసనము. దానములకంటెను పూజలకంటెను సర్వమతముల సారవృద్ధియే తనకు బ్రియమని చెప్పి, దానికి మూలము వాక్సంయమమని రాజు వివరించెను. అకారణముగ స్వమతమును బొగడుటయు, పరమతమును దెగడుటయు గూడదు; కారణమున్నను మితముగ నుండవలెను. తన మతము మీది భక్తిచేతనే పరమతమును నిందించువాడు నిజమునకు దన మతమునకే గొప్పహాని చేసినవా డగును. కావున ఒకరి ధర్మమును మఱియొకరు వినవలెను, వినగోరవలెను. అన్నిమతములవారును బహుశ్రుతులు గావలెను. ఇందలి తర్కమును జూడుడు. ఇతరులను గౌరవింపుమని నీతి చెప్పి యూరకుండక, నిందించువాని పక్షమే నష్టపడునని హేతువు చూపినాడు. తాను విననిది కొంత గలదని నమ్మినవాడే బహుశ్రుతుడగును. మన భాషలో వ్యాకరణమును గూర్చియు, గ్రాంథికవ్యావహారికములను గూర్చియు నేబదియేండ్లకు దక్కువ గాకుండ జరిగిన వాదప్రతివాదములను దిరుగవేసినవారు, ఎదిరిపక్షపు గ్రంథమును బూర్తిగ జదివి ఖండించినవా రెందఱో లెక్కింపగలరు. ఆ లెక్క పెద్దది కాదు.

పదునాలుగవ శాసనము మొత్తము గ్రంథమునకు జివరిపలుకు. ఇది వ్రాతను గూర్చియే చెప్పును. కొన్నిచోట్ల శాసనములు సంక్షేపముగను, కొన్నిచోట్ల మధ్యమముగను, కొన్నిచోట్ల విస్తారముగను ఉన్నవట. కొన్ని మాటలు మాధుర్యముచే మరల మరల చెప్పబడినవట. స్థలమును బట్టియో, కారణాంతరము వలననో, లిపికరుని యపరాధము వలననో కొన్ని యసమగ్రముగ వ్రాయబడి యుండవచ్చునట. తాటియాకుల గ్రంథములను దిరుగవేసిన మన పండితులకు ఇట్టి మాట కొత్త గాదు. ప్రతి వ్రాసినవాడు గ్రంథాంతమున తన దోషములను మన్నింపుడని వేడుట మన లేఖకుల యాచారము. కాని అచ్చట వేడువాడు లేఖకుడు, వాని పేద చేతికి అది కాపుదల. ఇచ్చట మాటాడువాడు చక్రవర్తి. రాజాజ్ఞయన్న పేరుతో శిలపై నున్న ప్రతి యక్షరమును బ్రమాణముగ గొనుమని చెప్పక, నా పేరుతో నున్న యీ ప్రతిలోను దప్పు లుండవచ్చునని ముందే చెప్పుచున్నాడు. నిందను లిపికరుని నెత్తిన ద్రోసినాడని యొకరు ఆక్షేపింపవచ్చును. స్థలమును, కారణాంతరమును గూడ నెన్నినాడు గాన ఆ యాక్షేపము పూర్తిగ నిలువదు.

ఎఱ్ఱగుడిలో ఆ మాటకు నిదర్శనము కనులయెదుటనే యున్నది. ఇచ్చటి చిన్నశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి యెడమకును వ్రాయబడినవి. అశోకుని బ్రాహ్మీశాసనములలో నిట్టి వ్రాత మఱియొకచోట లేదు. మడక దున్నునట్లు ఒకటి విడిచి యొకటిగ దిరిగియుండినను జదువరి కొక నియమము దొరకును. ఇచ్చట నదియు సరిగా నిలువదు. కుడినుండి యెడమకు వ్రాయు ఖరోష్ఠీలిపికి అలవాటుపడిన చేయి కాబోలునని కొందఱు ఊహించిరి. ఈ యూహకు గొంత యూత గలదు: మైసూరు సీమలోని చిన్నశాసనములను వ్రాసిన చపడు డనువాడు తన పేరును బ్రాహ్మిలో వ్రాసి, లిపికరుడను బిరుదమును మాత్రము ఖరోష్ఠిలో వ్రాసినాడు. ఎఱ్ఱగుడి లిపికరుడు తన పేరు చెప్పలేదు. మొదట జదివిన పండితులు పంక్తుల క్రమమునే నిర్ణయింపలేక తికమకపడిరి. పిమ్మట వచ్చినవారు దానిని దిద్దికొనిరి.

చదువుటలోని తప్పులనుగూర్చి చెప్పవలసినప్పుడు ఎఱ్ఱగుడికి నూఱేండ్లు వెనుకకు, ఈ లిపి నెవరును జదువలేని కాలమునకు బోవలెను. కలకత్తా టంకశాలలో లోహపరీక్షకుడును, ఆసియాటిక్ సొసైటీ కార్యదర్శియు నైన జేమ్స్ ప్రిన్సెప్ 1837లో బ్రాహ్మీలిపిని సాధించెను. సాంచిలోని చిన్న చిన్న వ్రాతలన్నియు ఒకే రెండక్షరములతో ముగియుట చూచి, అవి దాతల వ్రాతలై యుండుననియు, ఆ పదము దానమై యుండుననియు ఊహించుటతో తలుపు తెఱచుకొనెను. ఢిల్లీస్తంభమును జదువగా దేవానాంప్రియుడైన ప్రియదర్శి యను పేరు వచ్చెను. ఆ రాజెవడు? సింహళమున జార్జి టర్నరు మహావంశమును భాషాంతరీకరించుచుండెను. అందు దేవానాంప్రియ తిస్సుడను సింహళరాజు గలడు. కావున ఆ శాసనములు సింహళరాజువని ప్రిన్సెప్ ప్రకటించెను. ఆ యూహ యుక్తికి దూరము గాదు, కాని తప్పు. సింహళరాజు ఢిల్లీయందు స్తంభము నెత్తించుట యెట్లు సంభవించునను ప్రశ్నకు దానిలో జవాబు లేదు.

అదే సంవత్సరమున టర్నరు దీపవంశమున నొక భాగమును గనుగొనెను. అందు ప్రియదర్శనుడనగా చంద్రగుప్తుని మనుమడైన అశోకుడేయనియు, బుద్ధనిర్వాణమునకు 218 సంవత్సరముల పిమ్మట నాతడు అభిషిక్తు డయ్యెననియు నుండెను. టర్నరు వ్యాసమును ప్రిన్సెప్ తాను నడపుచున్న పత్రికయందే ప్రచురించెను. తన సిద్ధాంతమును గూల్చు కాగితము మొదట దన చేతికే వచ్చినను, దానిని ఆలస్యము చేయలేదు, అడుగున దన సమర్థనమును బెట్టి పాఠకుని మరల్పలేదు. మరునాటినుండి ఆయన అశోకుడను పేరుతోనే పని సాగించి, 1838లో గిర్నారు ప్రతినుండి అంతియోకుడు, తులమాయుడు మున్నగు యవనరాజుల పేర్లను బయటికి దీసెను. అశోకుని కాలము నిర్ణయమగుటకు ఆ పేర్లే యాధారము. మొదటి యూహను బట్టుకొని వ్రేలాడియుండినచో ఆ యవనరాజులు సింహళకథలో నెక్కడ నిలుతురు? ఆ యేటనే జబ్బుపడి స్వదేశమునకు బోయి, 1840లో నలుబదియేండ్లకే ప్రిన్సెప్ మరణించెను.

సంశయము అంతటితో దీరలేదు. సంస్కృతపండితులలో నగ్రగణ్యుడైన విల్సను ప్రియదర్శి అశోకుడేయనుట సిద్ధము గాదని 1850 ప్రాంతమున వ్రాసెను. ఆయన శంకయు నిరాధారము గాదు. అప్పటికి దొరకిన శాసనములలో అశోకనామమే లేదు. 1915లో రాయచూరు సీమలోని మస్కియందు దొరకిన చిన్నశాసనమున అశోకుని పేరు స్పష్టముగ గనబడెను. పిమ్మట మధ్యప్రదేశమందలి గుజర్రాలోను, బళ్లారి మండలమందలి నిట్టూరు, ఉదేగోళములలోను ఆ పేరున్న ప్రతులు దొరకినవి. బళ్లారి మండలమన మన మెట్టసీమకు ఇరుగుపొరుగే. 1882 వఱకు అనంతపురము ఆ మండలములో భాగమై యుండెను. చిన్నశాసనము చివరనున్న 256 అను సంఖ్యను బుద్ధనిర్వాణసంవత్సరముగ బూలరు పండితుడు గట్టిగ నమ్మి కాలగణనము గట్టెను. ఆ సంఖ్య రాజు యాత్రలో గడపిన రాత్రులదని నేడు పెక్కుమంది యొప్పుకొనుచున్నారు. బూలరువంటివాని మాట దిద్దబడుటవలన నాయన గ్రంథములకు విలువ తగ్గలేదు.

ప్రియదర్శి పక్షమున జెప్పికొనుటకు కష్టమైన విషయ మొకటి మిగిలినది. కళింగములోనే యున్న ధౌళి, జౌగడ శిలలపై పదునొకండవది మొదలు పదుమూడవది వఱకు గల శాసనములు లేవు. వాని స్థానమున రెండు ప్రత్యేకశాసనములున్నవి. ఎవరికి అపకారము జరిగినదో వారి యెదుట మాత్రము ఆ యొప్పుకోలు చెక్కబడలేదు. వేయిమైళ్ల దూరపు షాబాజుగఢిలోను, గుత్తి మెట్టలలోను జెక్కబడినది! గాయపడిన దేశమున చచ్చినవారి లెక్కలు చదివించుట అవివేకమని రాజనీతిజ్ఞులు సమర్థింపవచ్చును. నా మట్టుకు ఆ సమర్థనము సగమే సంతృప్తి నిచ్చును. 1989లో గుల్బర్గా మండలమందలి సన్నతిలో దొరకిన శిలపై పండ్రెండవ, పదునాలుగవ శాసనములతోపాటు కళింగమునకే చెందినవని తలచుచుండిన యా ప్రత్యేకశాసనములు రెండును గనబడినవి. కావున పదుమూడవ శాసనమును విడుచుటకు కళింగప్రజల మనోభావమే కారణమను వాదమును గూడ ఇక దిరిగి పరీక్షింపవలసియున్నది.

ఆ ప్రత్యేకశాసనములను జదివినపుడు మాత్రము వేఱొక సంగతి గోచరించును. తోసలి, సమాప నగరముల మహామాత్రులకు రాజు వ్రాయుచు, నిష్కారణముగ నొకడు చెఱలో బడుటయు బాధపడుటయు గలుగుచున్నదని చెప్పి, ఈర్ష్య, కోపము, నైష్ఠుర్యము, తొందర, అభ్యాసలోపము, సోమరితనము, అలసట అను నేడింటిని దీనికి మూలముగ నెన్నెను. ఈ పట్టికలో దుర్మార్గులకు మాత్రమే గల దోషము లొకటి రెండే. అలసట, అభ్యాసలోపము మంచి యధికారికి గూడ గలుగునవి. పైగా ఈ తప్పులను గనిపెట్టుటకు అయిదేండ్ల కొకమాఱు మృదుస్వభావుడైన మహామాత్రుని సంచారమునకు బంపుదుననియు, ఉజ్జయినినుండియు తక్షశిలనుండియు మూడేండ్లకు మించకుండ అట్లే పంపబడుననియు నేర్పాటు చేసెను. కళింగమునకు దన యనుతాపమును జెప్పలేదు; తప్పులను వెదకు మనుష్యుని బంపెను. ఈ రెంటిలో నేది కళింగుల కెక్కువ యుపయోగించెనో చెప్పుట యనవసరము.

ఎఱ్ఱగుడి రెండవ చిన్నశాసనమున ఈ యాజ్ఞ ప్రజకు జేరు విధము వ్రాయబడినది. రాజు మాటను మహామాత్రులు రజ్జుకులకు దెలుపవలెను. రజ్జుకుడు భేరి వేయించి జానపదులకు దెలుపవలెను. తల్లిదండ్రులను సేవింపవలెను, ప్రాణులయెడ దయ చూపవలెను, సత్యము పలుకవలెను. ఏనుగుల నెక్కువారు, కరణములు, రథముల దోలు నేర్పుగాండ్రు, బ్రాహ్మణాచార్యులు తమ తమ శిష్యులకు బూర్వాచారము చొప్పున నేర్పవలెను. శిష్యుడు ఆచార్యుని గౌరవింపవలెను. కొన్ని ప్రతులలో సంక్షిప్తమైన యీ భాగము ఇచ్చట విరివిగ నున్నది. భేరి మ్రోగిన నాడు ఈ మెట్టలలోని సేద్యగాండ్రకు వినవచ్చిన ప్రకటనలో, మొదటి చిన్నశాసనమును గూడ చదివియుండిరేని, తమ రాజు ఒక యేడంతయు సరిగా బాటుపడలేదను మాటయు నుండును. ఆ మాట కొంత ఎడమనుండి కుడికి, కొంత కుడినుండి యెడమకు, పేరు చెప్పని లిపికరుని చేతితో నేటికిని ఆ బండమీద నున్నది.